డీజిల్ దీక్ష

ఇన్నాసికి వచ్చిన కష్టం ఒక్కటే. కారు లీటరుకు ఇరవై ఆరు కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది. ఎంత జాగ్రత్తగా నడిపినా ఇరవై ఏడు రావడం లేదు.

సంసారం వద్దు, సంపాదన వద్దు అని మఠంలో చేరినవాడికి ఇదేం కష్టమని మీకు నవ్వు రావచ్చు. ఇన్నాసికి మాత్రం అన్నం సయించడం లేదు. ఒక సాయంత్రం జపమాల అయ్యాక వెళ్ళి బాలశౌరి గురువుగారి గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఫాదర్‌గారూ, దీక్ష మధ్యలో ఆగిపోతే దేవుడు మెచ్చుతాడా?"

గురువుగారు కిటికీ వెలుగులో కూర్చుని కాలిగోళ్ళు తీసుకుంటున్నారు. తలెత్తలేదు.

"ఏ దీక్ష?"

"డీజిల్ దీక్షండీ."

వినుకొండ అవతల, హైవే పక్కన ఉంది ఆ మఠం. ఒక గుడి, పిల్లల హాస్టలు, చిన్న మందుల గది, నలుగురైదుగురు బ్రదర్లు, వాళ్ళందరికీ పెద్ద బాలశౌరి గురువుగారు. ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలంలో ఒక్కొక్కరూ ఒక్కోటి మానుకోవడం అక్కడ ఆనవాయితీ. ఆ కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు ఏం మానుతారో అందరి ముందూ చెప్పాలి, పండగ దాకా నిలబడాలి. పెద్ద బ్రదరు నస్యం మానేశాడు. వంట చూసే బ్రదరు టీ మానేసి, ఆ కోపమంతా సాంబారు మీద చూపిస్తున్నాడు.

ఇన్నాసి మఠానికి రాకముందు ఆటోమొబైల్ డిప్లొమా చదివాడు. నోరు కట్టుకోవడం అందరూ చేసేదే గదా అనిపించింది. "నేను మన కారు చేత డీజిల్ మానిపిస్తాను" అన్నాడు. అందరూ నవ్వారు. గురువుగారూ నవ్వారు. నవ్వి ఊరుకోలేదు. ఆ ఆదివారం పూజలో, ప్రసంగం మధ్యలో, "మన ఇన్నాసిని చూడండి, ఒక్కొక్క చుక్కా దేవుడి సొమ్మని కాపాడుతున్నాడు" అని గుడి నిండా ఉన్న జనం ముందు పొగిడారు.

ఆ మాట ఇన్నాసి తలకెక్కింది. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, అంతమంది ముందు, అంత పెద్దాయన నోటి నుంచి. ఎవరికెక్కదు?

పని మాత్రం పద్ధతిగానే చేశాడు, కాదనను. వినుకొండ చివర ఒకే బంకు, అందులో ఒకే పైపు. నేల అక్కడ కొంచెం వాలు కాబట్టి కారు చక్రాలు ప్రతిసారీ ఒకే చోట నిలపాలి. పైపు తనంతట తాను టక్కుమని ఆగేదాకా పోయించాలి, ఆగాక ఒక్క చుక్క కూడా ఎక్కువ పోయనివ్వకూడదు. గుంటూరు వెళ్ళి తిరిగొచ్చి, మళ్ళీ అక్కడే, అలాగే నింపాలి. తిరిగిన కిలోమీటర్లని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి. మొదటిసారి పదిహేడు వచ్చింది. ఇన్నాసికి తల కొట్టేసినట్టయింది.

టైర్లలో గాలి తక్కువుంది, పట్టించాడు. పైన ఊరికే తుప్పు పట్టి ఉన్న క్యారియరు తీసేశాడు. ఎయిర్ ఫిల్టరు దులిపితే గుప్పెడు మట్టి రాలింది. హైవే మీద అరవై దాటకుండా ఒకే తీరుగా పోవడం నేర్చుకున్నాడు. దూరంలో టోల్‌గేటో, రోడ్డు దాటే గేదెలో కనబడితే అప్పుడే కాలు తీసేసి, బ్రేకు అవసరం లేకుండా కారు దానంతటదే నెమ్మదించేలా చూసేవాడు. ఇరవై వచ్చింది, ఇరవై రెండు వచ్చింది. ఇవన్నీ మంచి పనులే. కారుకీ మంచిది, మనుషులకీ మంచిది.

తరవాత ఏసీ ఆపేశాడు. ఏసీ ఆపితే అద్దాలు దించాలి. దించితే ఆ వేగంలో గాలి లోపలికి కొట్టి బండిని వెనక్కి లాగుతుంది. అందుకని అద్దాలూ ఎత్తేశాడు. పెద్ద లారీ కనబడితే దాని వెనకే, దాని చాటున, గాలి తగలకుండా పోవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఎక్కడా ఆపేవాడు కాదు. ఆగి మళ్ళీ కదిలితే ఎంత తాగుతుందో అతనికి తెలుసు. ఇరవై నాలుగు వచ్చింది. జాగ్రత్త ఎక్కడ అయిపోయి మొండితనం ఎక్కడ మొదలైందో నడిపేవాడికి తెలియలేదు.

వెనక సీట్లో కూర్చున్న మనిషికి తెలుసు.

ఆమె పేరు ఆరోగ్యమ్మ. తల్లిదండ్రులు వేళాంకణ్ణి మాతకి మొక్కుకుని పెట్టుకున్న పేరు. మిరప కోతలకి పోయి బతికిన మనిషి. రెండు కిడ్నీలూ పోయాయి. మంగళవారం, శుక్రవారం గుంటూరు ఆసుపత్రిలో మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. లేకపోతే ఒంట్లో నీరు నిలిచిపోతుంది. అసలు ఆ కారు మఠానికి వచ్చిందే ఇలాంటి వాళ్ళని ఆసుపత్రికి చేర్చడానికి. ఇచ్చిన దాత ఆ మాట చెప్పి మరీ ఇచ్చాడు.

మిషను మీదనుంచి లేచాక ఆమెకి ఒళ్ళు తూలేది, కడుపులో తిప్పేది, పిక్కలు పట్టేసేవి. మార్చి ఎండలో, అద్దాలు ఎత్తిన కారులో, చీరకొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది.

"బ్రదర్‌గారూ, ఒక్క నిమిషం పక్కన ఆపుతారా? కాళ్ళు పట్టేస్తన్నయ్" అంది ఒకసారి.

"ఇంకెంతమ్మా, వచ్చేశాం" అన్నాడు ఇన్నాసి. అప్పటికి నరసరావుపేట కూడా రాలేదు.

అతను చెడ్డవాడు కాదు. దారంతా ఆమెతో కబుర్లు చెప్పేవాడు. ఈస్టరు లోపల ఇరవై ఎనిమిది తెస్తానని పీఠం ముందు మొక్కుకున్నానని కూడా ఆమెకే మొదట చెప్పాడు. ఆమె చేతులు జోడించి, "మీ మొక్కు తీరాల అయ్యా" అంది. మొక్కంటే ఆమెకి ఆటలు కాదు.

వెళ్ళేటప్పటి కంటే వచ్చేటప్పుడు బండి కాస్త హాయిగా పోతున్నట్టు అతనికి అనిపించేది. గాలి వాలో, రోడ్డు వాలో అయ్యుంటుంది. ఇన్నాసి మాత్రం ఒక శుక్రవారం నవ్వుతూ, "చూశావా ఆరోగ్యమ్మా, నీ ఒంట్లో నీరు దిగితే బండికి కూడా తేలికే" అన్నాడు.

ఆమె కూడా నవ్వింది. ఆమె నవ్వింది కదా అని అతను మర్చిపోయాడు.

ఆమె మొగుడు లూర్దయ్య ప్రతిసారీ తోడు వచ్చేవాడు. "ఆసుపత్రిలో నర్సులున్నారుగా, నువ్వెందుకయ్యా పని మానుకుని? నువ్వు దిగితే బండికి ఒక మనిషి బరువు తగ్గుతుంది" అన్నాడు ఇన్నాసి. లూర్దయ్య తలపాగా తీసి చంకలో పెట్టుకుని, "మీరెట్టా అంటే అట్టా అయ్యా" అన్నాడు. బ్రదర్‌గారు చెప్పిందంటే వాళ్ళకి గుళ్ళో చెప్పినట్టే. ఆ వారం నుంచి ఆమె ఒక్కతే వెళ్ళొచ్చింది. లెక్క ఇరవై ఆరైంది.

అక్కడ ఆగిపోయింది. అందుకే ఇన్నాసి ఆ సాయంత్రం గురువుగారి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఇరవై ఆరు చాలదా?" అన్నారు గురువుగారు.

"ఇరవై ఎనిమిదని మొక్కుకున్నానండీ."

"మొక్కుకునే ముందు నన్నెందుకు అడగలేదు?"

గురువుగారు గోళ్ళ ముక్కలు ఏరి కాగితంలో మడిచారు.

"డీజిలు మిగిలితే మంచిదేలే. పో, పడుకో."

అంతే అన్నారు. అడగాల్సిన మాట ఆయన కూడా ఆ పూట అడగలేదు. ఎవర్ని ఎక్కించుకుని తిరుగుతున్నావు, వాళ్ళెలా ఉన్నారు అని.

మంగళవారం పొద్దున మఠం గేటు దగ్గర ఆరోగ్యమ్మ లేదు. లూర్దయ్య ఒక్కడే ఉన్నాడు.

"ఇక బస్సులో పోతామయ్యా. మా కోసం మీరు చూడమాకండి."

"అదేం, ఎందుకని?"

"ఊరికేనయ్యా."

లూర్దయ్య నేల చూపులు చూస్తున్నాడు. ఇంకోమాట అడిగితే చెప్పేవాడేమో. ఇన్నాసి అడగలేదు. చెప్పడానికి నాకే ఒళ్ళు మండుతోంది గానీ, ఆ క్షణాన అతనికి కలిగింది సంతోషం. ఖాళీ బండి వేసుకుని గుంటూరు వెళ్ళి, బిషపుగారి ఆఫీసులో కాగితాలు ఇచ్చి వచ్చాడు. ఇరవై ఏడు వచ్చింది. శుక్రవారం మళ్ళీ వెళ్ళాడు. ఆ రోజు గాలి కూడా వెనకనుంచి తోసింది.

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ మౌనంగా తింటున్నారు. తపస్సు కాలంలో భోజనం దగ్గర మాట్లాడకూడదని అక్కడ నియమం. ఇన్నాసి ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు.

"ఇరవై ఎనిమిది!"

అందరూ తలలెత్తారు. వంట బ్రదరు ఎడమచేత్తో బల్ల మీద దరువు వేశాడు. గురువుగారు కూడా చిన్నగా నవ్వి, కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని, "ఎట్లా వచ్చిందయ్యా?" అన్నారు.

ఇన్నాసి ఊపిరి తిరక్కుండా చెప్పాడు. ఫిరంగిపురం దగ్గర పెద్ద లారీ దొరికింది. దారిలో రెండుసార్లే బ్రేకు వేశాడు. "పైగా బండిలో నేనొక్కణ్ణే ఫాదర్‌గారూ."

"ఆరోగ్యమ్మ?"

"ఆవిడ బస్సులో వెళ్తోందండీ. మంగళవారం నుంచీ."

"ఎవరు చెప్పారు?"

"లూర్దయ్యే చెప్పాడండీ."

"ఎందుకని అడిగావా?"

"అడిగాను. ఊరికేనన్నాడు."

గురువుగారు ముద్ద తిరిగి కంచంలో పెట్టేశారు. కంచంలో మెతుకు వదిలి లేవకూడదని ఆ మఠంలో అందరికీ నేర్పింది ఆయనే. లేచి చెయ్యి కడుక్కున్నారు.

"బండి తియ్యి" అన్నారు.

వాళ్ళ పల్లె మఠానికి దగ్గరే. వసారాలో మంచం మీద ఆరోగ్యమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. పాదాలు గుర్తుపట్టేలా లేవు. లూర్దయ్య చేటతో విసురుతున్నాడు. వీళ్ళని చూసి లేవబోయాడు.

"కూర్చో. మంగళవారం గుంటూరు వెళ్ళారా?" అన్నారు గురువుగారు.

"వినుకొండ బస్టాండు దాకా పోయామయ్యా. బస్సు కిటకిటలాడతంది. ఎక్కబోయి కూలబడింది. తిప్పి తీసుకొచ్చా. నిన్న అసలు మంచం దిగలా."

"రెండుసార్లూ తప్పిందా?" గురువుగారి గొంతు పెద్దదైంది. "బండి ఇక్కడే ఉందిగదయ్యా, కబురు పెట్టడానికి నోరు లేదా?"

లూర్దయ్య ఇన్నాసి వైపు చూసి, మళ్ళీ చేట వైపు చూసుకున్నాడు.

"నేను వస్తానన్నానయ్యా. అదే వద్దంది. ఒట్టేయించుకుంది."

ఆరోగ్యమ్మ ఒక్కొక్క మాటకీ ఆగి, గాలి పీల్చుకుంటూ చెప్పింది.

"బ్రదర్‌గారి మొక్కయ్యా... పండగలోపు తీరాల. నేనెక్కితే... బరువంట. నీళ్ళ ఒళ్ళు నాది." ఇన్నాసి వసారా బయట నిలబడి ఉంటే అటు తిరిగింది. "తీరిందా అయ్యా?"

ఇన్నాసి తల దించుకున్నాడు.

గురువుగారు అతని వైపు తిరిగారు.

"చెప్పు. నిన్నేగా అడుగుతోంది."

అతను వసారా గుంజ పట్టుకున్నాడు.

"చెప్పవయ్యా. ఆమె అంత చేసింది, నువ్వొక్క మాట చెప్పలేవా?"

"తీరిందమ్మా" అన్నాడు ఇన్నాసి.

"మరియతల్లి దయ" అంది ఆరోగ్యమ్మ. ఆమె మొహంలో నిజంగానే తృప్తి కనబడింది. అది చూడలేక ఇన్నాసి కారు దగ్గరికి పరిగెత్తాడు.

దుప్పటితో సహా ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టారు. ఒక పక్క లూర్దయ్య, ఇంకో పక్క గురువుగారు. ఆమె తల గురువుగారి భుజం మీద ఉంది. ఇన్నాసి ఏసీ పెట్టాడు. ఆమెకి గాలి చాలడం లేదంటే అద్దాలన్నీ దించేశాడు. ఆ రోడ్డు మీద తను ఎప్పుడూ తొక్కనంతగా తొక్కాడు. హారను మీదనుంచి చెయ్యి తియ్యలేదు. లారీల పక్కనుంచి దూసుకుపోయాడు. ఎక్కడ కాలు తియ్యాలో, ఎక్కడ వాలు కలిసొస్తుందో ఆ దారిలో ప్రతి మలుపూ అతనికి తెలుసు. ఆ పూట ఒక్కటీ గుర్తు రాలేదు.

వెనక గురువుగారు జేబులోంచి నూనెబుడ్డి తీసి ఆమె నుదుటి మీద, అరచేతుల్లో రాశారు. అవసానకాలపు ప్రార్థన చెవిలో చెప్తున్నారు. చెప్తూ చెప్తూ మధ్యలో, "క్షమించమ్మా, వాణ్ణి గుళ్ళో పొగిడింది నేను" అన్నారు. ఆ మాట ప్రార్థనలో లేదు. ఇన్నాసికి వినబడింది.

సాతులూరు దగ్గర రైలు గేటు పడి ఉంది. గూడ్సు బండి మెల్లగా పోతోంది. ఇన్నాసి స్టీరింగుని రెండు చేతులతో గుద్దాడు. గేటు లేచాక మళ్ళీ ఉరికించాడు. ఒకచోట అద్దంలో చూస్తే ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి, బయటికి చూస్తోంది. చేలల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు. ఇంకోసారి చూసినప్పుడు కూడా ఆమె అటే చూస్తోంది.

"ఇంకెంతమ్మా, వచ్చేశాం" అన్నాడు ఇన్నాసి.

ఆమె పలకలేదు. గురువుగారి ప్రార్థన ఆగిపోయింది. కాసేపటికి లూర్దయ్య, "ఒసే... ఒసే ఆరోగ్యం" అన్నాడు. మళ్ళీ అన్నాడు. మూడోసారి అది పిలుపులా లేదు.

ఇన్నాసి కారుని రోడ్డు అంచుకి దించి ఆపాడు.

గురువుగారు ఆమె కళ్ళు మూశారు. చేతులు దగ్గరికి చేర్చి, కొంగు సరిచేశారు. అప్పుడు, కోపం లేకుండా, ఏమీ లేకుండా, అడిగారు.

"ఇప్పుడెందుకు ఆపావు?"

పక్కనుంచి లారీలు పోతుంటే కారు ఊగుతోంది. లూర్దయ్య కిందికి దిగి కూలబడి ఏడుస్తున్నాడు. చాలాసేపటికి ఇన్నాసి తలుపు తీసుకుని దిగాడు. వెనక తలుపు తెరిచి, ఎండలో కంకర మీద మోకాళ్ళు వేసి, ఆమె కాళ్ళు రెండూ ఒళ్ళోకి తీసుకుని పిక్కలు నొక్కడం మొదలుపెట్టాడు.

గురువుగారు వద్దనలేదు.